సీసపు నీటి పైపును ఇంటి నుంచి పూర్తిగా తీసేయడం: గుర్తించడం దగ్గర్నుంచి చివరి పరీక్ష దాకా

సీసపు పైపు మార్చాలనుకునేవాళ్లు ముందుగా ఒక విషయం గట్టిగా నిర్ణయించుకోవాలి. మారిస్తే వీధిలోని మెయిన్ (ఇళ్లన్నిటికీ నీళ్లిచ్చే పెద్ద పైపు) నుంచి ఇంట్లోని మొదటి వాల్వ్ దాకా మొత్తం ఒకేసారి మార్చాలి. గేటు దాకా ఇప్పుడు, గేటు లోపలిది తర్వాత చూద్దాం అనే పద్ధతి వద్దు. ఖర్చు సగం తగ్గుతుంది కదా అనిపిస్తుంది. కానీ నీళ్లలో సీసం సగం తగ్గదు. చాలాసార్లు కొన్ని వారాలపాటు, ఒక్కోసారి నెలల తరబడి, ముందుకన్నా పెరుగుతుంది.

దీనికి కారణాలు రెండు. ఏళ్ల తరబడి నీళ్లు పారిన సీసపు పైపు లోపలి గోడకు ఒక పెచ్చు కడుతుంది. నీటికీ సీసానికీ మధ్య ఉన్న అడ్డు అదొక్కటే. పైపును కోసినా, తవ్వకంలో అది కదిలినా ఆ పెచ్చు చిట్లి రేణువులుగా నీళ్లలో కలుస్తుంది. రెండో కారణం అతుకు. మిగిలిన సీసపు ముక్కకు కొత్త రాగి పైపు కలిపితే అక్కడ బ్యాటరీలో జరిగే పనే జరుగుతుంది: రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో నీరు. ఆ జోడీలో కరిగిపోయేది సీసమే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏకు సలహాలిచ్చే శాస్త్రవేత్తల బోర్డు 2011లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, సగం మార్పిడితో సీసం తగ్గుతుందన్న నమ్మకం లేదని తేల్చింది. డబ్బో అనుమతో కుదరక మొత్తం మార్చలేకపోతే, కుదిరేదాకా పైపును కదపకుండా ఉంచి మంచి ఫిల్టర్ పెట్టుకుని ఆగడమే మేలని నేను చెబుతాను.

ఈ పైపులు ఎందుకు వేశారు, ఎందుకు తీయాలి

సీసం మెత్తటి లోహం. ఎలా కావాలంటే అలా వంగుతుంది, నేల కుంగినా విరగదు, ఇనుములా తుప్పు పట్టదు, దశాబ్దాలు నిలుస్తుంది. అందుకే మెయిన్ నుంచి ఇంటికి వచ్చే సన్న పైపుకు ఎన్నో దేశాల్లో దాన్నే వాడారు. ప్లంబర్ అనే మాట కూడా లాటిన్‌లో సీసానికి ఉన్న ‘ప్లంబమ్’ అనే పేరు నుంచి వచ్చిందే. షికాగోలో అయితే 1986లో అమెరికా ప్రభుత్వం కొత్త సీసపు పైపులను నిషేధించేదాకా ఇంటి కనెక్షన్‌కు సీసమే వేయాలని నగర నిబంధన ఉండేది.

నీళ్లలో కలిసిన సీసానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అద్దంలా తేటగా ఉన్న నీళ్లలోనూ ఉండొచ్చు. ఒంట్లోకి వెళ్లాక కాల్షియంలా నటించి ఎముకల్లో చేరుతుంది, అక్కడ ఏళ్ల తరబడి ఉంటుంది. ఎదిగే పిల్లల మెదడు మీద దాని దెబ్బ ఎక్కువ: తెలివి, ఏకాగ్రత, ప్రవర్తన అన్నీ దెబ్బతింటాయి. పిల్లలకు ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగల స్థాయి ఏదీ లేదు. అన్నిటికన్నా ప్రమాదంలో ఉండేది డబ్బా పాలు తాగే పసిబిడ్డ, ఎందుకంటే ఆ బిడ్డ ఆహారం దాదాపు మొత్తం కుళాయి నీళ్లతోనే కలుపుతాం. తర్వాత గర్భిణులు. తల్లి ఎముకల్లో ఎప్పుడో చేరిన సీసం కూడా గర్భంలో బిడ్డకు చేరుతుంది.

“మా నీళ్లు టెస్ట్ చేయించాం, బాగానే ఉంది, పైపు ఉంటే ఏం” అని కొందరంటారు. ఆ పెచ్చు నిలిచేది నీటి రసాయనాన్ని బట్టి. అది మారితే పెచ్చూ కరుగుతుంది. 2000లో వాషింగ్టన్ నగరంలో నీటిని శుద్ధి చేసే క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ వాడడం మొదలుపెట్టారు. ఆ ఒక్క మార్పుతో పైపుల్లోని పెచ్చు కరగడం మొదలై ఎన్నో ఇళ్లలో సీసం ఎగబాకింది. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014 ఏప్రిల్‌లో నీటి వనరును నదికి మార్చి, పైపులను కాపాడే ఫాస్ఫేట్ కలపలేదు. అక్కడ నీళ్లలో సీసం ఎలా ఎగబాకిందో ప్రపంచమంతా చూసింది. ఆ ఇళ్లవాళ్లు తమ పైపుల్ని ముట్టుకోలేదు, నీళ్లే మారాయి.

మొదటి పని: ఏ పైపో గుర్తించడం

మీటర్ దగ్గర గానీ, నీళ్లు ఇంట్లోకి వచ్చే గోడ దగ్గర గానీ వెతకండి. మొదటి వాల్వ్‌కు ముందున్న పైపు ముక్కే మనకు కావాలి. దాని మీద పెయింటో దుమ్మో ఉంటే తడి గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దొద్దు, దుమ్ము లేస్తుంది.

ఇప్పుడు తాళంచెవి అంచుతోనో నాణెంతోనో నెమ్మదిగా ఒక గీత గీయండి. సీసమైతే గీత సులువుగా పడుతుంది, మైనం మీద గీసినట్టు తాళంచెవి లోపలికి దిగుతుంది. మసిబారిన బూడిద రంగు కింద ఒక్కసారిగా తళుక్కున వెండి మెరుపు కనిపిస్తుంది. కొన్నాళ్లకు అదే గీత మళ్లీ మసకబారుతుంది. అయస్కాంతం పెడితే అంటుకోదు. తాళంచెవితో తడితే ఖంగుమనదు, మొద్దుగా టప్‌మంటుంది. వాల్వ్ దగ్గర పైపు ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటే అది పాతకాలపు ప్లంబర్లు కరిగిన టంకాన్ని గుడ్డతో తుడిచి వేసిన అతుకు, సీసపు పైపుకు దాదాపు ఖాయమైన గుర్తు.

రాగి పైపును గీస్తే కొత్త రాగి నాణెం రంగు వస్తుంది. జీఐ పైపుకు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపుకు, అయస్కాంతం అంటుకుంటుంది. ప్లాస్టిక్ సంగతి చూడగానే తెలుస్తుంది. గీత గీశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక్కడ చాలామంది తప్పిపోయే చోట్లు మూడు ఉన్నాయి. ఇంటి దగ్గర కనిపించేది రాగో జీఐనో అయినా, మెయిన్‌కు బిగించిన ఫెర్రూల్ (ఇంటి పైపును మెయిన్‌కు కలిపే ఫిట్టింగ్) దగ్గర రెండు మూడు అడుగుల సీసపు వంపు ముక్క దాగి ఉండొచ్చు. మెయిన్ కదిలినా అతుకు విరగకుండా మెత్తటి ముక్కను పెట్టేవారు. రెండోది, సీసపు పైపు తర్వాత జీఐ పైపు ఉంటే, జీఐ లోపలి తుప్పు పైనుంచి వచ్చే సీసాన్ని స్పాంజిలా పట్టి ఉంచుకుంటుంది. సీసపు ముక్క తీసేశాక కూడా ఏళ్లపాటు దాన్ని కొంచెం కొంచెం వదులుతూనే ఉంటుంది. కాబట్టి అలాంటి జీఐ పైపును కూడా సీసపు పైపు కిందే లెక్కేసి మార్చాలి. మూడోది ఇంటి లోపల: పాత రాగి పైపుల అతుకుల్లో సగం తగరం సగం సీసం ఉన్న టంకం, పాత ఇత్తడి కుళాయిల్లో కొంత సీసం ఉంటాయి.

వీధి మెయిన్ మాత్రం సాధారణంగా సీసం కాదు. అంత పెద్ద పైపులకు పోత ఇనుము వాడారు. సీసం సమస్య సన్న పైపులది.

రెండో పని: నీటి పరీక్ష, సరైన పద్ధతిలో

పరీక్ష అనగానే కుళాయి తిప్పి బాటిల్ నింపి పంపేస్తారు. అలా తీసిన శాంపిల్ అప్పుడే మెయిన్ నుంచి వచ్చిన తాజా నీటి సంగతి చెబుతుంది గానీ, రాత్రంతా సీసంలో నిలిచిన నీటి సంగతి చెప్పదు.

కనీసం 6 గంటలు ఇంట్లో ఎవరూ నీళ్లు వాడకుండా ఉండాలి. టాయిలెట్ ఫ్లష్ కూడా చేయకూడదు, అందుకే తెల్లవారుజామున తీయడం సులువు. తాగే కుళాయి నుంచి, దాని మూతికున్న జల్లెడ విప్పకుండా, మామూలుగా వాడే వేగంతో, వెడల్పు మూతి ఉన్న ల్యాబ్ బాటిళ్లలో ఒకదాని తర్వాత ఒకటి చొప్పున ఐదు లీటర్లు పట్టండి. మధ్యలో కుళాయి కట్టొద్దు. మొదటి లీటరు కుళాయి, దాని దగ్గరి అతుకుల సంగతి చెబుతుంది. ఐదో లీటరు చాలా ఇళ్లలో బయటి పైపులో నిలిచిన నీరు.

మీ ఇంటికి ఐదో లీటరే సరైనదా అన్నది లెక్క కట్టొచ్చు. లోపలి వ్యాసం 12.5 మి.మీ. అంటే అరంగుళం పైపులో మీటరుకు దాదాపు 0.12 లీటరు, 19 మి.మీ. అంటే ముప్పావు అంగుళం పైపులో 0.28 లీటరు నీరు ఉంటుంది. కుళాయి నుంచి ఇంటి గోడ దాకా 12 మీటర్ల అరంగుళం పైపు ఉంటే లీటరున్నర పోయాకే బయటి పైపు నీళ్లు మొదలవుతాయి. పొడవు కొలిచి ల్యాబ్‌కు ఏ బాటిళ్లు పంపాలో మీరే నిర్ణయించండి.

రిపోర్ట్ చదివేటప్పుడు యూనిట్లతో తికమక పడొద్దు. లీటరుకు 0.01 మిల్లీగ్రాములన్నా, 10 మైక్రోగ్రాములన్నా, 10 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 10 భాగాలు) అన్నా ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ, భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పరిమితి రెండూ 10 మైక్రోగ్రాములే. యూరోపియన్ యూనియన్ 2036 జనవరి నుంచి దాన్ని 5కు తగ్గిస్తోంది. ఇవి అమలుకు వీలుగా పెట్టుకున్న అంకెలు. 9 వచ్చింది కాబట్టి క్షేమం అని దాని అర్థం కాదు. సీసపు రేణువులు ఒకరోజు ఊడి, ఇంకోరోజు ఊడకుండా ఉంటాయి కాబట్టి ఒక్క మంచి రిపోర్ట్‌తో పైపు మంచిదైపోదు. పైపు సీసమని తేలితే రిపోర్ట్ ఏం చెప్పినా మార్చాల్సిందే. పరీక్ష ఎందుకంటే, ఎంత తొందరపడాలో తెలియడానికి, తర్వాత పోల్చి చూసుకోవడానికి.

పని మొదలయ్యేలోగా

పైపు మార్చడానికి నెలలు పట్టొచ్చు. జాగ్రత్తలు మాత్రం ఈరోజు నుంచే మొదలవ్వాలి.

తాగడానికి, వండడానికి, పాలు కలపడానికి సీసాన్ని తొలగిస్తుందని సర్టిఫికెట్ ఉన్న ఫిల్టర్ నీళ్లే వాడండి. ఫిల్టర్లకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ ఎన్ఎస్ఎఫ్ పెట్టిన 53 ప్రమాణంలో ‘సీసం తొలగింపు’ అని ప్రత్యేకంగా రాసి ఉండాలి, 53 అన్న అంకె ఒక్కటే చాలదు. ఆర్ఓ అయితే ఎన్ఎస్ఎఫ్ 58. యూవీ ఫిల్టర్ క్రిములను చంపుతుంది, సీసాన్ని ఏమీ చేయదు. రుచి కోసం పెట్టే మామూలు కార్బన్ ఫిల్టర్‌నూ నమ్మొద్దు. కార్ట్రిడ్జ్ గడువు దాటనివ్వకండి, వేడి నీళ్లు దాని గుండా పోనివ్వకండి.

మరిగిస్తే సీసం పోతుందనే నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. పోదు. నీరు ఆవిరై సీసం మిగులుతుంది కాబట్టి చిక్కబడుతుంది. వేడి నీళ్ల కుళాయి నుంచి పట్టి వండడం ఇంకా తప్పు, వేడి నీరు సీసాన్ని ఎక్కువగా కరిగిస్తుంది. స్నానానికి, బట్టలు ఉతకడానికి భయపడక్కర్లేదు, చర్మం గుండా నీళ్లలోని సీసం చెప్పుకోదగినంత లోపలికి పోదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పిల్లల డాక్టర్‌ను అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.

మూడో పని: ఎవరి పైపు, ఎవరి అనుమతి

చాలాచోట్ల మెయిన్ నుంచి ఇంటి హద్దు దాకా ఉన్న ముక్క నీటి సరఫరా సంస్థది, అక్కణ్నుంచి లోపలిది ఇంటి యజమానిది. సగం మార్పిడి అనే తప్పు పుట్టేది ఇక్కడే. వాళ్ల వంతు వాళ్లు మార్చి వెళ్లిపోతారు, మన వంతు అలాగే ఉంటుంది. అందుకే ప్లంబర్‌తో మాట్లాడటానికి ముందే సరఫరా సంస్థకు రాతపూర్వకంగా ఉత్తరం పెట్టండి. అందులో మూడు ప్రశ్నలు అడగండి: మా కనెక్షన్ దేనితో వేసినట్టు మీ రికార్డుల్లో ఉంది, మా వంతు మార్చే రోజే మీ వంతు కూడా మారుస్తారా, సాయం చేసే పథకం ఏదైనా ఉందా.

వీధిలో మీ ఒక్క ఇంటికే సీసం ఉండటం అరుదు. ఒకే కాలంలో కట్టిన ఇళ్లన్నిటికీ ఒకే పైపు వేసి ఉంటారు. ఇరుగుపొరుగుతో కలిసి అడిగితే తవ్వకం ఒకటే, రోడ్డు బాగుచేత ఒకటే. అమెరికాలోని నెవార్క్ నగరం సుమారు 23,000 సీసపు కనెక్షన్లను మూడేళ్లలోపే మార్చగలిగింది. యజమాని వంతు, నగరం వంతు అని విడదీయకుండా వీధి వీధినా మొత్తం పైపును ఉచితంగా మార్చడం దానికి పెద్ద కారణం. అద్దె ఇళ్లలో యజమాని ఎక్కడున్నాడో వెతికే పని కూడా లేకుండా చట్టం చేసుకున్నారు.

కొటేషన్ అడిగేటప్పుడు ఇవి రాయించండి: మెయిన్ నుంచి మొదటి వాల్వ్ దాకా పూర్తి మార్పిడి, పైపు రకం, సైజు, లోతు, తవ్విన చోట తిరిగి పూడ్చి సరిచేయడం, ప్రెషర్ టెస్ట్, పని అయ్యాక ఫ్లష్ చేయడం, అంటే నీళ్లు జోరుగా పారించి పైపుల్లో రాలిన సీసాన్ని కడిగేయడం. ఫ్లష్ గురించి రాయకపోతే అది జరగదు.

నాలుగో పని: కొత్త పైపు, వేసే పద్ధతి

రాగికి మంచి పేరుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది, మట్టిలోని పెట్రోలు లాంటివి దాని గుండా లోపలికి రావు. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పైపు చుట్టగా వస్తుంది కాబట్టి మెయిన్ నుంచి ఇంటి దాకా మధ్యలో ఒక్క అతుకు లేకుండా వేయొచ్చు. భూమిలో అతుకు లేకపోవడం అన్నిటికన్నా పెద్ద లాభం, అందుకే మామూలు నేలలో నేను దానికే ఓటేస్తాను. కానీ దగ్గర్లో పెట్రోలు బంకో, పాత గ్యారేజీయో, నూనె ఒలికిన నేలో ఉంటే హెచ్‌డీపీఈ వద్దు. ఆ రసాయనాలు ప్లాస్టిక్ గోడ గుండా నీళ్లలోకి దిగుతాయి. అక్కడ రాగి గానీ, మధ్యలో అల్యూమినియం పొర ఉన్న పైపు గానీ వేయాలి. గట్టి పీవీసీ వేస్తే తాగునీటికి ఆమోదించినదై, సీసపు స్టెబిలైజర్ (ప్లాస్టిక్ పాడవకుండా తయారీలో కలిపేది) లేనిదై ఉండాలి. సీసం తీసి మళ్లీ సీసమే పెట్టుకోవద్దు. కొత్త వాల్వులు, ఫిట్టింగులు, టంకం కూడా సీసం లేనివే అని ప్లంబర్ తెచ్చిన ప్యాకెట్ల మీద మీరే చదవండి. పాత పైపు అరంగుళం అయితే ఒక సైజు పెంచడం మంచిది, ఒకసారి తవ్వినప్పుడే ప్రెషర్ సమస్య కూడా తీరుతుంది.

వేసే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది పూర్తిగా కాలువ తవ్వడం. ఆలస్యమైనా ప్రతి అడుగూ కళ్లతో చూడొచ్చు, దాగిన వంపులూ ముక్కలూ దొరుకుతాయి. రెండోది రెండు చివర్లా గుంతలు తీసి, పాత పైపు లోపల్నుంచి ఉక్కు తాడు పోనిచ్చి, ఒక చివర శంకువు బిగించి, దాని వెనక కొత్త పైపు కట్టి యంత్రంతో లాగడం. పాతది బయటికి వస్తూంటే కొత్తది దాని దారిలోనే లోపలికి వెళ్తుంది. సీసం మెత్తన కాబట్టి మధ్యలో తెగే అవకాశం ఉంది, తెగితే అక్కడ తవ్వాల్సిందే. మూడోది గాలి ఒత్తిడితో నేలను పొడుచుకుంటూ వెళ్లే యంత్రంతో పక్కనే కొత్త దారి చేయడం. పాత పైపు నేలలోనే మిగిలినా, రెండు చివర్లా కోసి మూసేస్తే దానికీ మీ నీళ్లకూ సంబంధం ఉండదు. రాతి నేల, చెట్ల వేర్లు ఉన్నచోట ఈ యంత్రం దారి తప్పుతుంది.

పాత పైపు లోపల ప్లాస్టిక్ గొట్టం దించి గానీ, ఎపాక్సీ పూత పూసి గానీ సీసానికీ నీటికీ మధ్య అడ్డు కట్టే పద్ధతి కూడా ఉంది. తవ్వడానికి అసలు వీల్లేని చోట అది పనికొస్తుంది. వీలున్నచోట మాత్రం సీసం బయటికి రావాలన్నదే నా మాట.

ఐదో పని: ఎర్తింగ్. దీన్ని దాటేయొద్దు

ఇది నీళ్ల పని కాదనిపిస్తుంది గానీ ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది ఇక్కడే. చాలా పాత ఇళ్లలో కరెంటు ఎర్తింగ్‌ను నీటి లోహపు పైపుకే కట్టేవారు. పైపు భూమిలో మీటర్ల కొద్దీ పాతుకుని ఉంటుంది కాబట్టి అదే ఎర్త్ అన్నమాట. ఆ పైపు తీసి ప్లాస్టిక్ పెట్టగానే ఇంటికి ఎర్తింగ్ లేకుండా పోతుంది. ఎవరికీ తెలియదు, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. గీజరో వాషింగ్ మెషినో పాడైన రోజు తెలుస్తుంది.

ఇంకొకటి. పక్కింటి లోపం వల్ల గానీ, న్యూట్రల్ తెగడం వల్ల గానీ ఆ పైపులో కరెంటు పారుతూ ఉండొచ్చు. పైపు కోసి రెండు చివరలు రెండు చేతుల్లో పట్టుకున్న ప్లంబర్ గుండా ఆ కరెంటు వెళ్తుంది. అందుకే కోసే ముందే, కోయబోయే చోటికి రెండు వైపులా మందపాటి జంపర్ కేబుల్ క్లాంపులతో బిగించాలి. పనికి ముందు రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి విడిగా ఎర్త్ రాడ్ వేయించి, రీడింగ్ చూపించమనండి. అది అయ్యాకే పైపు పని.

ఆరో పని: పని జరిగే రోజు

తవ్వే ముందు గ్యాస్, కరెంటు, టెలిఫోన్, మురుగు లైన్లు ఎక్కడున్నాయో ఆయా సంస్థలతో మార్కు చేయించాలి. మనిషి దిగే గుంత 1.2 మీటర్లు దాటితే పక్కలకు పలకలు కొట్టి ఊతం ఇవ్వాలి. మట్టి కూలడానికి క్షణం చాలు. ముందు రోజే తాగడానికి, వండడానికి నీళ్లు పట్టి ఉంచుకోండి.

సీసపు పైపును వీలైనన్ని తక్కువ చోట్ల కోయాలి. బ్లేడు చక్రం ఉన్న కట్టర్‌తో కోస్తే పొడి రాలదు. రంపంతో కోస్తే పొడి రాలుతుంది, గ్రైండర్ పెడితే గాల్లోకి లేస్తుంది, గ్యాస్ మంటతో కాలిస్తే సీసపు ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివరి రెండూ అసలు ఒప్పుకోవద్దు. కింద ప్లాస్టిక్ షీటు పరచాలి, గ్లవ్స్ వేసుకోవాలి, పని మధ్యలో టీ తాగే ముందు చేతులూ ముఖమూ కడగాలి. వాళ్ల బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదని పనివాళ్లకు చెప్పండి, చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కొత్త పైపు కింద, పైన కనీసం అరచేయి మందాన సన్నటి ఇసుక వేసి, రాళ్లు తగలకుండా చూడాలి. ప్లాస్టిక్ పైపు అయితే పక్కన రాగి తీగ ఒకటి పరవాలి, లేకపోతే రేపు పరికరంతో వెతికినా దొరకదు. పైన హెచ్చరిక టేపు. పూడ్చకముందే ప్రెషర్ టెస్ట్ చేయించి, అతుకుల దగ్గర పొడి చేత్తో తడిమి చూడండి. ఫొటోలు కూడా అప్పుడే తీయాలి: మెయిన్ దగ్గర అతుకు, మధ్యలో పైపు, ఇంటి గోడలోకి వచ్చే చోటు.

మెయిన్‌కు కనెక్షన్ ఇచ్చేది సరఫరా సంస్థ మనుషులే. ఫెర్రూల్ దగ్గరి పాత సీసపు వంపు కూడా తీశారో లేదో ఆ గుంత పూడ్చకముందు కళ్లతో చూడండి.

ఏడో పని: ఫ్లష్ చేయడం

పైపు మారింది, నీళ్లు వస్తున్నాయి, అందరూ అలసిపోయారు. ఈ గంట పని వదిలేస్తే మాత్రం కోతలో రాలిన సీసమంతా ఇంటి లోపలి పైపుల్లో, కుళాయి జల్లెడల్లో కూర్చుంటుంది. ఒక ఇంట్లో పని అయిన వారానికి వంటింటి కుళాయి మూతి విప్పి చూశాను. జల్లెడ మీద ఆవగింజంత బూడిద రంగు పలుకులు ఐదారు, కింద సన్నటి పొడి. అరచేతిలో వేసి గోటితో నొక్కితే ఒక పలుకు అణిగి మెరిసింది. ఆ వారమంతా ఆ ఇంటి తాగునీళ్లు దాని మీదుగానే వచ్చాయి.

క్రమం ఇలా ఉండాలి.

1. ఫిల్టర్లు, సాఫ్ట్‌నర్, గీజర్‌లకు వెళ్లే వాల్వులు కట్టేయండి. కార్ట్రిడ్జ్‌లు తీసేయండి.
2. ఇంట్లోని ప్రతి కుళాయి జల్లెడ, షవర్ తల విప్పండి.
3. కింది అంతస్తులో, పైపు లోపలికి వచ్చే చోటికి దగ్గరగా ఉన్న చన్నీళ్ల కుళాయిని పూర్తిగా తిప్పండి. తర్వాత వరసగా పైకి వెళ్తూ అన్నీ తెరవండి.
4. చివరి కుళాయి తెరిచాక కనీసం 30 నిమిషాలు ఆపకుండా పారనివ్వండి.
5. పై అంతస్తు నుంచి కిందికి కట్టుకుంటూ రండి. జల్లెడలు కడిగి బిగించండి, పాడైనవి కొత్తవి వేయండి.

నీళ్లు ముందు సంపులోకో ట్యాంకులోకో వెళ్లే ఇల్లయితే, ట్యాంకుకు ముందే పైపు విప్పి బయటికి వదలాలి. ఆ తర్వాత ట్యాంకు ఖాళీ చేసి అడుగున పేరుకున్న మడ్డి తీసి కడిగించండి. పాత సీసం కొన్నేళ్లుగా చేరి ఉండేది ఆ మడ్డిలోనే.

తర్వాతి ఆరు నెలలు

కొత్త పైపు వేసిన మర్నాడే ఫిల్టర్ తీసేయకండి. లోపలి పైపుల్లో పట్టి ఉన్న సీసం నెమ్మదిగా ఊడుతుంది. ఆరు నెలలు తాగేవీ వండేవీ ఫిల్టర్ నీళ్లే వాడాలి. జల్లెడలు నెలకోసారి విప్పి కడగాలి. రాత్రంతా నిలిచిన నీళ్లను పొద్దున్నే కొన్ని నిమిషాలు మొక్కలకో, కడగడానికో వదిలాక తాగేవి పట్టుకోవాలి.

పని జరిగిన మూడు నుంచి ఆరు నెలల మధ్యలో, మొదట తీసిన పద్ధతిలోనే, అదే కుళాయి నుంచి మళ్లీ శాంపిళ్లు తీసి అదే ల్యాబ్‌కు పంపండి. ఐదో లీటరులో సీసం పడిపోయి మొదటి లీటరులో ఇంకా ఉంటే తప్పు కుళాయిదో, దాని దగ్గరి టంకానిదో. కుళాయి మార్చి చూడండి. రెండింట్లోనూ ఉంటే ఎక్కడో ముక్క మిగిలిందన్నమాట. పూడ్చేటప్పుడు తీసిన ఫొటోలు అప్పుడు పనికొస్తాయి.

తీసిన సీసం

ముప్పావు అంగుళం పైపు, గోడ మందం 5 మి.మీ. ఉంటే మీటరుకు 4 కిలోల పైనే తూగుతుంది. పది మీటర్లంటే 40 కిలోలు దాటిన సీసం. తుక్కుకు ధర వస్తుంది కాబట్టి ఎవరో ఒకరు తీసుకెళ్తామంటారు. ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా ఇవ్వకండి. పెరట్లో పొయ్యి పెట్టి కరిగించేవాళ్ల చేతికి వెళ్తే, మీ ఇంట్లోంచి పోయిన విషం ఇంకో ఇంటి పిల్లల ఊపిరిలోకి చేరుతుంది. గేలపు బరువులకని ముక్క దాచుకోవడం కూడా వద్దు. కోసిన చివరలు టేపుతో మూసి, ప్లాస్టిక్‌లో చుట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికి తూకం రసీదు తీసుకుని అప్పగించండి.

ఆ రసీదు, కొత్త పైపు రకం, సైజు, వేసిన తేదీ, గోడ మూల నుంచీ గేటు స్తంభం నుంచీ పైపు ఎంత దూరంలో ఉందో కొలతలు, ఎర్త్ రీడింగ్, రెండు ల్యాబ్ రిపోర్ట్‌లు ఇంటి కాగితాల ఫైల్లో పెట్టండి. ఒక కాపీ సరఫరా సంస్థకు పంపి, వాళ్ల రికార్డులో మీ ఇంటి ఎదుట ఉన్న ‘సీసం’ అనే మాట కొట్టేయించుకోండి.